పొట్లం కట్టగలిగిన ప్రశ్న

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళ ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి నాయనా, ఇక్కడ నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు అందుతోందా? సరే.

నన్ను పిలిచినాయన ఫోన్లో అడిగింది ఒక్కటే. "సార్, మా పిల్లలు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటామంటున్నారు. ఇక్కడ చెప్పేవాళ్ళు దొరకడం లేదు. నెట్‌లో ఎవరితో చేరాలో ఆ పేర్లు చెప్పండి చాలు" అన్నాడు. పేర్లు చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది. మీరు రాసుకుంటారు, ఇంటికి పోతారు. వారం తిరిగేలోపల నాలుగు చోట్ల చేరిపోతారు. నెల తిరిగేలోపల నాలుగింటినీ మ్యూట్‌లో పెడతారు. (నవ్వులు) నవ్వకండి, నేను చేసింది అదే. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది చోట్ల చేరి తొమ్మిదింటిలోనూ నోరు మూసుకుని కూర్చున్నాను ఒక ఏడాది. అందుకని పేర్లు తర్వాత. ముందు ఆ ఏడాది ఎందుకు వృథా అయిందో చెప్తాను.

నాది పాకాల దగ్గర పల్లె. ఎంసీఏ ఇక్కడే తిరుపతిలో చేసినాను. బెంగళూరులో పన్నెండేళ్ళు ఉండి, ఇప్పుడు ఊర్లోనే కూర్చుని పని చేస్తున్నాను. మొదటి కంపెనీలో నాకు బిల్లింగ్ ప్రోగ్రాము అప్పగించినారు. నెలంతా లెక్క బాగుండేది. నెలాఖరు రోజు మాత్రం ఏదో ఒక బిల్లులో రెండు రూపాయలు తక్కువ వచ్చేది. రెండు రూపాయలే కదా అనుకుంటారు, అకౌంట్స్‌లో ఉన్న మేడం అట్ల అనుకోలేదు. (నవ్వులు) మా టీములో ఎవరికీ అంతుచిక్కలేదు. నెట్‌లో అడిగినాను. మూడు వందల లైన్ల ప్రోగ్రాము తెచ్చి పెట్టి, నెలాఖరున తప్పు వస్తోంది, చెప్పండి అన్నాను.

ఒకాయన బదులు రాసినాడు. "నేను నడిపి చూడడానికి వీలుగా చిన్నది చేసి పెట్టు" అని. ఆ ఒక్క లైనే. నాకు కోపం వచ్చింది. చిన్నది చేయడం చేతనైతే నిన్నెందుకు అడుగుతాను? తర్వాత నిజంగానే చిన్నది చేయబోయినాను. కుదరలేదు. ఆ లెక్క చేసే ముక్కకు డేటాబేసులో పట్టిక కావాలి. గడియారంలో తేదీ కావాలి. డిస్కౌంట్ అనే ఒక వేరియబుల్ ఉండేది, దాన్ని ఇంకెక్కడో ఇంకో ఫైలు మార్చేది. ఆ ముక్కను ఎత్తి బయట పెట్టాలంటే ఆఫీసునంతా ఎత్తి బయట పెట్టాలి. పదకొండు రోజులు తిప్పలు పడినాను. చివరికి తేలిందేమంటే, నెలాఖరుకు మాత్రమే నడిచే ఒక రిపోర్టు ఉంది, అది ఆ డిస్కౌంట్‌ను మార్చి, మళ్ళీ పాత విలువ పెట్టకుండా పోయేది. అదృష్టం కొద్దీ కంటబడింది అంతే.

ఇదే సంగతి మా అమ్మ దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. బెంగళూరులో రూములో సంగటి కెలికి, ఊరిబిండి ఎట్ల చేయాలమ్మా అని ఫోన్ చేస్తే "వేరుశనగ విత్తనాలు వేయించు, మిరపకాయలు చూసి వేయి, చింతపండు చూసి వేయి, ఉప్పు చూసి వేయి" అంటుంది. ఏం చూడాలి? ఆమె చూసేది ఆమె వంటింట్లో ఉంది. మిరపకాయలు పోయిన వారం సంతలో కొన్నవి, ఎంత కారమో ఆమెకు తెలుసు. చింతపండు పాతదో కొత్తదో తెలుసు. ఫోన్లో అవేవీ రావు. ఆమె చేసేది అద్భుతంగా ఉంటుంది, కానీ పొట్లం కట్టి పంపడానికి కుదరదు.

మరి కొండమీద పోటులో, అంటే శ్రీవారి లడ్డూలు చేసే వంటశాలలో? అక్కడ దిట్టం అని ఉంటుంది. ఇన్ని లడ్డూలకు ఇంత శనగపిండి, ఇంత చక్కెర, ఇంత నెయ్యి, ఇన్ని జీడిపప్పులు అని కొలత. ఈరోజు పనిలో ఎవరున్నారు, బయట వాన పడుతోందా, నిన్న ఎన్ని అమ్మినారు, ఇవేవీ దిట్టంలో ఉండవు. అందులో రాసిందే లోపలికి పోవాలి, దానికి తగ్గదే బయటికి రావాలి.

విలువలు ఇస్తే ఫలితం ఇచ్చే చిన్న ముక్కను ఫంక్షన్ అంటారు, అట్లాంటివాటినే కలిపి ప్రోగ్రాము కట్టే పద్ధతి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్. దాంట్లో ప్యూర్ ఫంక్షన్ అనేది దిట్టం లాంటిదే. ఇచ్చిన విలువలు తప్ప ఇంకే వైపూ చూడదు. అవే విలువలు ఇస్తే ఈరోజు, రేపు, తిరుపతిలో, స్వీడన్‌లో అదే ఫలితం. దేన్నీ చాటుగా మార్చదు. దీని మూలం 1930లలో అలాంజో చర్చ్ అనే గణిత తార్కికుడు రాసుకున్న లాంబ్డా కాల్‌కులస్‌లో ఉంది. 1958లో జాన్ మెకార్థీ లిస్ప్ అనే భాష మొదలుపెట్టినాడు. ఫోర్‌ట్రాన్ అనే పాత భాష తయారీకి పెద్ద దిక్కుగా ఉన్న జాన్ బాకస్, 1977లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నప్పుడు చేసిన ప్రసంగంలో, విలువల్ని ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోయే పాత పద్ధతి నుంచి బయటపడాలని వాదించినాడు. తను కట్టిన ఇంటి గోడ తనే కొట్టి చూపించినట్టు. ఈ చరిత్ర మీకు పరీక్షకు రాదు, వదిలేస్తాను.

ఈ రకం ప్రోగ్రామింగ్ గురించి చెప్పేటప్పుడు అందరూ తప్పులు తగ్గుతాయి, ప్రాసెసర్‌లోని పలు కోర్ల మీద ఒకేసారి నడపడం సులువు, అని చెప్తారు. నిజమే. నాకు వాటికన్నా ముఖ్యమైనదిగా తోచింది వేరు. ప్యూర్ ఫంక్షన్‌ను దూరంగా ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికి పూర్తిగా పంపించవచ్చు. అయిదు లైన్లు పంపితే నా సమస్య మొత్తం ఆయన దగ్గరికి చేరిపోతుంది. వెనక వంటిల్లు మిగిలిపోదు. బెంగళూరో చెన్నయో పోలేని మనలాంటివాళ్ళకు, కాలేజీలో చెప్పేవాళ్ళు లేనివాళ్ళకు, దూరం నుంచి నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన విద్య ప్రోగ్రామింగ్‌లో ఇంకొకటి నాకు కనబడలేదు. నేను ఆ ఏడాదంతా ఈ సంగతి తెలియక, ఎక్కడ చేరాలా అని వెతుక్కుంటూ ఉన్నాను. చేతిలో పొట్లం లేకుండా బస్టాండులో నిలబడినట్టు.

దీనికి సాక్ష్యం చూపిస్తాను. హాస్కెల్ అనే భాష పేరు విన్నారు కదా. పరిశోధకులు తలా ఒక భాష చేసుకుంటూ ఉంటే, 1987లో కూర్చుని, అందరికీ కలిపి ఒకటి చేద్దామని అనుకున్నారు. 1990లో మొదటి రూపం వచ్చింది. ఆ భాషవాళ్ళ కబుర్లు ఐఆర్‌సీ అనే పాత చాట్‌లో. 2021 దాకా ఫ్రీనోడ్ అనే చోట ఉండేవాళ్ళు, అక్కడ గొడవలు వచ్చి లిబెరా చాట్‌కు మారినారు. ఆ గదిలో లాంబ్డాబాట్ అని ఒక బాట్ ఉంటుంది. మీరు ఒక చిన్న లెక్క టైప్ చేస్తే, అందరి ముందూ నడిపి జవాబు రాస్తుంది. ఊరూ పేరూ తెలియని వాడు ఇచ్చిన ప్రోగ్రామును ఇట్ల బహిరంగంగా నడపాలంటే మామూలుగా భయం ఉంటుంది. ఫైళ్ళు చెరిపేస్తే? వేరే భాషల్లోనూ చుట్టూ కంచె కట్టి నడుపుతారనుకోండి. హాస్కెల్‌లో సగం కంచె భాషే కట్టి పెట్టింది. బయటి లోకాన్ని తాకే పని ఏదో, తాకనిది ఏదో టైపులోనే, అంటే ఏ రకం విలువ తీసుకుని ఏ రకం విలువ ఇస్తుందో చెప్పే రాతలోనే, తెలిసిపోతుంది. తాకని వాటినే ఆ బాట్ నడుపుతుంది. అందుకని అక్కడ ప్రశ్న, జవాబు, రుజువు మూడూ ఒకే చోట కళ్ళముందు జరుగుతాయి. మాటలతో వాదించుకోవడం తక్కువ.

ఇంకొకటి హూగుల్, హాస్కెల్ ఫంక్షన్లను వెతికి పెట్టేది. నీల్ మిచెల్ చేసినది. గూగుల్ లాంటి పేరు, కానీ వెతికే తీరు వేరు. దాంట్లో పేరుతోనూ వెతకవచ్చు, టైపుతోనూ వెతకవచ్చు. "నాకు ఒక ఫంక్షన్, ఒక లిస్ట్ ఇస్తే, ఇంకో లిస్ట్ వచ్చేది కావాలి" అని టైపు రాస్తే మ్యాప్ అని చూపిస్తుంది. పేరు తెలియకుండా ఆకారం చెప్పి వస్తువును తెప్పించుకోవడం. మనలో చాలామందికి ఇంగ్లీషు పదాలు గుర్తుకు రావు కదా, వాళ్ళకు ఇది వరం.

మూడోది క్విక్‌చెక్, ప్రోగ్రామును పరీక్షించే సాధనం. కోయెన్ క్లాసెన్, జాన్ హ్యూస్ అని ఇద్దరు 2000లో వెలువరించినారు. లిస్ట్‌ను రెండుసార్లు తిరగేస్తే మొదటిదే రావాలి, ఇట్లాంటి నియమం మీరు రాస్తారు. అది వందసార్లు రకరకాల విలువలు వేసి చూస్తుంది. ఎక్కడన్నా తప్పితే, ఆ తప్పిన విలువను కత్తిరించి కత్తిరించి వీలైనంత చిన్నది చేసి మీ చేతిలో పెడుతుంది. నెలాఖరు బిల్లు దగ్గర ఆయన నన్ను ఏం అడిగినాడు? చిన్నది చేసి పెట్టు అన్నాడు. ఇక్కడ ఆ పని యంత్రం చేస్తోంది. అడగవలసిన ప్రశ్నను అదే పొట్లం కట్టి ఇస్తుంది.

ఇప్పుడు నా మొదటి ప్రశ్న కథ. హాస్కెల్‌లో కోటి అంకెల్ని కూడాలి. ఫోల్డ్ అని ఉంటుంది, లిస్ట్‌లో ఒక్కొక్కదాన్నీ తీసుకుని కలుపుకుంటూ పోయేది. దాని ఎడమ రకంతో రాసి, కంపైల్ చేయకుండా నేరుగా ఇంటర్‌ప్రెటర్‌లో నడిపినాను. లాప్‌టాప్‌లో మెమరీ పైకి పైకి పోయి ఫ్యాను మోత మొదలైంది. ఈసారి అడగడం ఎంత సులువైందో చూడండి. రెండు లైన్లు. నేను అనుకున్నది ఏమిటి, జరిగింది ఏమిటి, ఏ వెర్షన్. అంతే. నాలుగు నిమిషాల్లో ఒకరు రాసినారు, చివర ప్రైమ్ గుర్తు, అంటే పైన చిన్న గీత, ఉన్న ఫోల్డ్ వాడు అని. వాడినాను, పని అయింది. నేను థ్యాంక్స్ చెప్పి పోయేవాణ్ణే. ఇంకొకరు ఆపినారు. "ఎందుకో తెలుసుకుని పో" అని, కాగితం మీద లెక్క చేసినట్టు ఒక్కొక్క లైనూ రాసి చూపించినారు. సున్నాకు ఒకటి కలపాలి, దానికి రెండు కలపాలి, దానికి మూడు కలపాలి అని రాసుకుంటూ పోతోంది గానీ ఎక్కడా కలపడం లేదు.

నాకు మా ఊరి కిరాణా కొట్టు కళ్ళముందుకు వచ్చింది. పద్దు పుస్తకంలో సరుకు తీసుకున్నప్పుడల్లా రాస్తారు, మొత్తం వేయరు. నెలాఖరుకు ఎవరో అడిగితే అప్పుడు కూడతారు. హాస్కెల్ సోమరితనం అంటే అదే, అడిగేదాకా లెక్క వాయిదా. మంచి గుణమే, కానీ కోటి పద్దులు రాసి పెట్టుకుంటే పుస్తకం ఇల్లంతా నిండుతుంది. ప్రైమ్ గుర్తు ఉన్నది ఎప్పటికప్పుడు మొత్తం వేసుకుంటుంది. ఈ ఫోల్డ్‌ను చాలా ఏళ్ళపాటు వేరే చోటి నుంచి తెచ్చుకోవలసి వచ్చేది. 2024లో వచ్చిన జీహెచ్‌సీ అనే హాస్కెల్ కంపైలర్ 9.10 నుంచి మామూలుగానే చేతికి అందేట్టు పెట్టినారు. నాలాంటి కొత్తవాళ్ళు ఎంతమంది పడి లేచినారో దాన్నిబట్టి ఊహించుకోండి.

ఆ రెండో మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మారుపేరు. కానీ నేను వెతకవలసింది అట్లాంటి మనిషి ఉన్న చోటును అని ఆరోజు అర్థమైంది. మొదటి జవాబు ఇచ్చేవాళ్ళు అన్ని చోట్లా ఉంటారు.

అన్ని చోట్లా ఇట్ల జరగదు. ఇంకోచోట, పేరెందుకులెండి, మోనాడ్ అంటే ఏమిటండీ అని అడిగినాను. ఎండోఫంక్టర్ల కేటగిరీలో మోనాయిడ్ అని ఒకాయన రాసినాడు, మిగతావాళ్ళు నవ్వు బొమ్మలు పెట్టినారు. అది వాళ్ళలో వాళ్ళకు పాత జోకు, తప్పేం కాదు. పెళ్ళికి పోయి ఎవరూ తెలియని బంతిలో కూర్చున్నట్టు అయింది నాకు. మూడు నెలలు మళ్ళీ ఎక్కడా నోరు తెరవలేదు.

అందుకని ఏ చోటికి పోయినా ముందు ఒక పని చేయండి. చేరకముందే, ఈమధ్య ఒక కొత్తవాడు అడిగిన అమాయకపు ప్రశ్న వెతకండి. మొదటి జవాబు వదిలేసి రెండోది, మూడోది చదవండి. "నువ్వు అసలు ఏం చేయాలనుకుంటున్నావు?" అని తిరిగి అడిగినవాళ్ళు ఉన్నారా? ఉంటే ఉండండి. పెద్దవాళ్ళు ఇద్దరు ఒకరి జవాబును ఒకరు మర్యాదగా ఖండించుకున్నారా? ఇంకా మంచిది. సభ్యులు ఎన్ని వేలమంది అన్నది చూడకండి.

సరే, పేర్లు. ఓకామల్, ఎలిక్సిర్, క్లోజర్ కూడా ఈ రకం భాషలే. హాస్కెల్‌కు ఇందాక చెప్పిన లిబెరా చాట్ గది, ఇంకా డిస్కోర్స్ వేదిక ఉంది. ఓకామల్‌కు వాళ్ళ డిస్కస్ వేదిక. ఎలిక్సిర్‌కు ఎలిక్సిర్ ఫోరం. నాకు తెలిసినవాటిలో కొత్తవాళ్ళతో అన్నిటికన్నా ఓపికగా ఉండేది అదే. బ్రెజిల్‌కు చెందిన జోసే వలీమ్ మొదలుపెట్టిన భాష ఇది, ఎర్లాంగ్ అనే ఇంకో భాష యంత్రం మీద నడుస్తుంది. ఎర్లాంగ్ ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం పుట్టింది, మీ వాట్సాప్ వెనక ఉన్నదీ అదే. క్లోజర్ వాళ్ళు స్లాక్‌లో క్లోజూరియన్స్ పేరుతో ఉన్నారు.

ఇక్కడ ఒక మాట. చాట్ గదులు మన స్వర్ణముఖి లాంటివి. నీళ్ళు వచ్చినప్పుడు వస్తాయి, మర్నాడు పోయి చూస్తే ఇసుకే. స్లాక్ ఉచిత పద్ధతిలో 90 రోజులు దాటిన మాట కనబడదు. డిస్కార్డ్‌లో మాట్లాడింది గూగుల్‌లో వెతికితే దొరకదు. అప్పటికప్పుడు చిక్కు విప్పుకోవడానికి అవి మంచివే. నేర్చుకోవడానికి మాత్రం చెరువు కావాలి, నాలుగేళ్ళ కిందటి నీళ్ళు కూడా నిలిచి ఉండాలి. డిస్కోర్స్ వేదికలు, పాత మెయిలింగ్ లిస్టులు అట్లాంటివి. మీరు అడగబోయేది ఎవరో ఎప్పుడో అడిగి ఉంటారు, దానికింద వాదన అంతా అట్లే ఉంటుంది. నాకు చాట్ అంటే కొంచెం చిన్నచూపు ఉంది, ఒప్పుకుంటాను. వయసు కావచ్చు.

వీటన్నిటికన్నా ముందు మీరు పోవలసింది ఎక్సర్‌సిజం అనే సైట్‌కు అని నా లెక్క. 2013లో కత్రీనా ఓవెన్ మొదలుపెట్టినది, డబ్బు అడగదు. హాస్కెల్, ఎలిక్సిర్, ఓకామల్, క్లోజర్, ఎఫ్ షార్ప్, అన్నీ ఉన్నాయి. చిన్న లెక్క ఇస్తారు, దాని పరీక్షలు ముందే రాసి ఉంటాయి, మీరు ఫంక్షన్ రాసి పంపాలి. తర్వాత కావాలంటే ఒక మనిషి, స్వచ్ఛందంగా, మీ జవాబును చదివి మాట్లాడతారు. గుంపు ఉండదు. నలుగురిలో అడగడానికి సిగ్గుపడేవాళ్ళకు ఇదే మొదటి మెట్టు. పరీక్షలన్నీ పాసైన తర్వాత కూడా ఆ మనిషి "బాగుంది, ఈ రికర్షన్ బదులు ఫోల్డ్‌తో రాయగలవా?" అంటారు. పాసైన జవాబు మీద ఎవరైనా మాట్లాడడం మన చదువుల్లో ఎప్పుడన్నా చూసినారా?

మన పక్కనే ఉన్నవి కూడా చెప్పాలి. చెన్నై మేథమేటికల్ ఇన్‌స్టిట్యూట్ అధ్యాపకులు మాధవన్ ముకుంద్, ఎస్.పి. సురేశ్ ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో హాస్కెల్ పాఠాలు చెప్పినారు, వీడియోలు ఊరికే చూడవచ్చు. 2022 డిసెంబరులో ఓకామల్ 5.0 వచ్చింది, ఒకేసారి పలు కోర్ల మీద నడిచే శక్తితో. ఆ పనిని ముందుండి నడిపినవాళ్ళలో ఒకరు ఐఐటీ మద్రాసులో పాఠాలు చెప్పే కె.సి. శివరామకృష్ణన్. ఇక్కణ్ణుంచి మూడు నాలుగు గంటల బస్సు దూరం. బెంగళూరులో జస్‌పే కంపెనీ హాస్కెల్‌తో, ప్యూర్‌స్క్రిప్ట్‌తో పని చేస్తుంది, అదే ఊర్లో 2014లో ఫంక్షనల్ కాన్ఫ్ అనే సభ మొదలైంది. ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి అంటే జావాతో పోలిస్తే చాలా తక్కువ. దాచిపెట్టి చెప్పను. కానీ జావాలోకి 2014లో లాంబ్డాలు, అంటే పేరు పెట్టని చిన్న ఫంక్షన్లు, వచ్చినాయి. మీరు వెబ్ పేజీల కోసం రియాక్ట్ రాస్తే సగం ఈ పద్ధతే. ఎక్సెల్‌లో ఫార్ములా రాసే ప్రతి గుమాస్తా ఫంక్షనల్ ప్రోగ్రామరే, ఆయనకు ఎవరూ చెప్పలేదు అంతే.

ఇంక అడిగే తీరు. మా చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది, మీలో చాలామంది చూసి ఉంటారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. కొత్తగా వచ్చినవాడు మొదటిరోజే లేచి కర్ణుడు ఎవరి కొడుకు అని అరవడు. నాలుగు రోజులు కూర్చుంటాడు, పక్కన ముసలాయనను మెల్లగా అడుగుతాడు. రెండు వారాలు చదవండి. తర్వాత అడగండి. కానీ నాలాగా ఏడాది చదువుతూ కూర్చోకండి. పద్దెనిమిదో రోజుకు దుర్యోధనుడు కూడా పడిపోతాడు. (నవ్వులు)

అడిగేటప్పుడు చాలామంది చేసే తప్పు మన రైల్వే స్టేషన్ ముందు రోజూ కనబడుతుంది. ఎక్కడినుంచో వచ్చిన యాత్రికుడు రైలు దిగి, "అలిపిరికి ఆటో ఎంత?" అంటాడు. బేరం ఆడతాడు, గొడవ పడతాడు. ఆయనకు కావలసింది దర్శనం టోకెను. టోకెన్లు ఇచ్చే విష్ణునివాసం స్టేషన్‌కు ఎదురుగానే ఉంది. ఎవరన్నా "అలిపిరిలో ఏం పని సామీ?" అని అడిగి ఉంటే బేరమే అవసరం లేదు. మన ప్రశ్నలూ అట్లే ఉంటాయి. "హాస్కెల్‌లో వేరియబుల్‌ను మార్చడం ఎట్ల?" అని అడుగుతారు. కావలసింది మార్కుల్ని కూడడం. పాత భాష అలవాటు, మార్చనిదే కూడలేమని అనుకుంటాం. అందుకని అలిపిరి గురించి అడిగినా, టోకెను కోసం అని కూడా ఒక మాట రాయండి. ఈ విద్యలో మనల్ని తప్పుదారి పట్టించేది పాత అలవాటే. అది మన కంటికి కనబడదు, పక్కవాడికి వెంటనే కనబడుతుంది. మనుషులు కావాలనేది అందుకే.

ఇంగ్లీషు గురించి భయం వద్దు. టైపు రాయండి, ఇచ్చిన విలువ, వచ్చిన విలువ, రావలసిన విలువ రాయండి. కంపైలర్ తిట్టిన తిట్టు పూర్తిగా అతికించండి, ఫోటో తీసి పెట్టకండి. వ్యాకరణం ఎవరూ చూడరు. ఎప్పుడు అడగాలంటే రాత్రి తొమ్మిది మంచి వేళ. యూరప్‌లో అప్పుడు సాయంత్రం అవుతూ ఉంటుంది, అమెరికా తూర్పు వైపు పొద్దున కాఫీ వేళ.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, చాట్‌జీపీటీ ఉండగా ఈ మనుషులందరూ ఎందుకు?

వాడండి, నేనూ వాడతాను. ఫోల్డ్ సంగతి దాన్ని అడిగి ఉంటే నాలుగు సెకన్లలో ప్రైమ్ గుర్తు గురించి చెప్పేది. ఇది ప్యూర్ ఫంక్షన్ కాబట్టి అది చెప్పింది నిజమా కాదా అని మీరే నడిపి తేల్చుకోవచ్చు, అదీ లాభమే. కానీ అలిపిరికి దారి అడిగితే చాలాసార్లు అలిపిరికే తీసుకుపోతుంది. ఇంకొకటి, నేను ఎక్కువ నేర్చుకున్నది నా ప్రశ్నకు వచ్చిన జవాబు నుంచి కాదు. నా ప్రశ్న కింద ఇద్దరు అనుభవజ్ఞులు ఏది అందమైన పరిష్కారం అని వాదించుకుంటే, అది చదివి నేర్చుకున్నాను. దానికి ఇద్దరు కావాలి కదా, ఇద్దరికీ పంతం ఉండాలి.

ప్రశ్న: సార్, అమ్మాయి పేరుతో అడిగితే విడిగా మెసేజ్‌లు వస్తాయి. మా సీనియర్ అక్కకు అట్లే అయింది.

అవునమ్మా, అవుతుంది. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, పేరు మార్చుకోవడం తప్పు కాదు. ఎవరైనా "విడిగా చెప్తా, ఇన్‌బాక్స్‌కు రా" అంటే, సాంకేతికమైన ప్రశ్నకు విడిగా చెప్పవలసింది ఏమీ ఉండదు, ఇక్కడే చెప్పండి అనండి. వినకపోతే నిర్వాహకులకు పంపండి. వాళ్ళు ఏం చేసినారో చూడండి. ఏమీ చేయకపోతే, మీరు వదిలి రావలసిన చోటు అది. నలుగురు కలిసి చేరితే ఇంకా ధైర్యం.

ప్రశ్న: నేను లిస్ట్‌ను తిరగేసే ఫంక్షన్ రాసినాను సార్. పది అంకెలకు బాగుంది. లక్ష అంకెలకు కదలడం లేదు. ఎక్కడ అడగాలి?

ఇక్కడే అడుగు తల్లీ. బోర్డు మీద రాయి. (విద్యార్థిని బోర్డు మీద రెండు లైన్లు రాసింది.) అందరూ చూడండి. ఖాళీ లిస్ట్ వస్తే ఖాళీ లిస్ట్. లేకపోతే, మిగతాదాన్ని తిరగేసి, మొదటిదాన్ని దాని చివర అతికించు. జవాబు కరెక్టే, దిట్టం తప్పలేదు. మరి ఎందుకు కదలడం లేదు? నేను చెప్పను. ఎవరన్నా?

వెనక వరుస నుంచి ఒక అబ్బాయి: లిస్ట్ చివరికి పోవాలంటే మొదటినుంచి నడుచుకుంటా పోవాలి కదక్కా. నువ్వు ఒక్కొక్కటి అతికించేదానికి ప్రతిసారీ అలిపిరి నుంచి మళ్ళీ ఎక్కతాండావు.

(నవ్వులు, చప్పట్లు)

ఎన్ని మెట్లు అవుతాయి లక్షకు?

అబ్బాయి: సుమారు అయిదు వందల కోట్లు సార్.

సరిగ్గా చెప్పినావు. మరి ఏం చేయాలి?

అబ్బాయి: చేతిలో ఇంకో ఖాళీ లిస్ట్ పెట్టుకోవాల. మొదటిది తీసి దాని ముందర పెట్టేది, రెండోది తీసి దాని ముందర పెట్టేది. ఎక్కే పని లేదు.

రా నాయనా, నువ్వే వచ్చి రాయి. అమ్మా, నీ రెండు లైన్లు చెరపొద్దు, పక్కనే రాయనీ. రెండూ ఫోటో తీసుకోండి. టీ బయట పెట్టినారంట, చల్లారిపోతుంది.